ఘాట్ ఎక్కుతుంటే ఆగిపోయే కారు: ఒక ఫిర్యాదు వెనక రెండు జబ్బులు

పాత పెట్రోల్ కారు దారిలో ఆగిపోతోందంటే చాలా షెడ్లలో పార్టులు మార్చుకుంటూ పోతారు. ఈ బండి నా దగ్గరికి వచ్చేసరికి మార్చదగ్గవన్నీ మారిపోయాయి. జబ్బు మాత్రం అలాగే ఉంది. ఆగిపోయిన ఆ నిమిషంలో ఇంజనుకి అందనిది స్పార్కా, పెట్రోలా అన్నది ఒక్కరూ చూడలేదు. అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నాను. బండి కంపెనీ, మోడల్, యజమాని వివరాలు ఇవ్వడం లేదు. ఊళ్ళ పేర్లు మాత్రం ఉంచాను, ఎందుకంటే ఆ రోడ్డూ ఆ ఎత్తూ తెలియకపోతే ఈ కేసు అర్థం కాదు.

బండి, రోడ్డు

మా షెడ్డు ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సెమిలిగుడ దగ్గర. 26వ నెంబరు జాతీయ రహదారి మీద ఆంధ్ర వైపు సాలూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. సుంకి, పొట్టంగి మీదుగా ఎక్కి ఎక్కి మా వైపు చేరుతుంది. కింద సాలూరులో ఎండ మాడ్చేస్తున్నా పైన గాలి చల్లగానే ఉంటుంది. సునాబెడ, దామన్‌జోడి, కోరాపుట్‌లలో ఉద్యోగాలకొచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళ చుట్టాలందరూ విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం వైపు. పెళ్ళికైనా ఆస్పత్రికైనా ఈ ఘాట్ దిగి ఎక్కాల్సిందే.

బండి 2003 మోడల్ సెడాన్. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, ఎంపీఎఫ్ఐ, అంటే ప్రతి సిలిండర్‌కీ విడి ఇంజెక్టర్ పెట్రోల్ చిమ్మే రకం. స్పార్క్‌ని సిలిండర్లకి పంచే డిస్ట్రిబ్యూటర్ లేదు. స్పార్క్ పుట్టించే రెండు కాయిల్స్ ఉంటాయి: ఒకటి 1, 4 సిలిండర్లకి, ఇంకొకటి 2, 3 సిలిండర్లకి. కాయిల్ నుంచి ప్లగ్ దాకా మామూలు ప్లగ్ వైర్లే. పెట్రోల్ పంపు ట్యాంకులో ఉంటుంది. ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే గొట్టం (రైల్) చివర ప్రెషర్ రెగ్యులేటర్, అక్కడి నుంచి ట్యాంకుకి రిటర్న్ పైపు. యజమాని రిటైరైన పెద్దాయన. బండిని కన్నబిడ్డలా చూసుకున్నారు. సర్వీసు బిల్లులన్నీ ఫైలులో పెట్టి తెచ్చారు. ఆ ఫైలు నాకు తర్వాత చాలా పనికొచ్చింది.

ఫిర్యాదు

ఆయన చెప్పింది ఇదీ: "వానొస్తే వణుకుతుంది, ఘాట్ ఎక్కితే ఆగిపోతుంది. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజన్ పట్టుకోదు. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. అందరూ ఈ కొత్త పెట్రోల్ వల్లే అంటున్నారు." కొత్త పెట్రోల్ అంటే ఇథనాల్ కలిపి ఇప్పుడు పంపుల్లో అమ్మేది.

సుంకి పైన మలుపుల్లో చీకటిపడ్డాక, లారీల మధ్య ఒకసారి ఆగిపోయారట, భార్యాభర్తలిద్దరూ పెద్దవాళ్ళే. ఆ టెన్షన్‌తో అమ్మగారు ఆ కారు ఎక్కడమే మానేశారు.

ఫైలులో అంతకుముందు రెండు షెడ్ల బిల్లులున్నాయి. ప్లగ్‌లు మార్చారు, ఇంజెక్టర్లు క్లీన్ చేశారు, పెట్రోల్ పంపు కొత్తది వేశారు, మ్యాప్ సెన్సర్ (ఇంజన్ పీల్చే గాలి ఒత్తిడి కొలిచేది) మార్చారు. ఆ సెన్సర్ ఎందుకు మార్చారో అడిగితే "రీడింగ్ తక్కువ చూపిస్తోందన్నారు" అన్నారాయన. మా పీఠభూమి మీద పనిచేసేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇంజన్ ఆపి కీ ఆన్ చేస్తే ఆ సెన్సర్ చూపించేది బయటి గాలి ఒత్తిడినే. సముద్రమట్టం దగ్గర అది సుమారు 101 కిలోపాస్కల్స్. దాదాపు 900 మీటర్ల ఎత్తున్న మా దగ్గర 91 దరిదాపుల్లో ఉంటుంది. పుస్తకంలోని అంకె కింద ఊళ్ళది. ఇక్కడ 91 చూపించే సెన్సర్ బాగున్నట్టే లెక్క.

చెక్ ఇంజన్ లైటు ఎప్పుడూ వెలగలేదు. మన దేశంలో కార్లకు ఓబీడీ (బండి తన లోపాలని తానే కనిపెట్టి చెప్పే ఏర్పాటు) నిబంధన బీఎస్-4 పొగ ప్రమాణాలతో పాటు 2010లో వచ్చింది. 2003 బండిలో ఈసీయూ (ఇంజన్ని నడిపే కంప్యూటర్) కొన్ని సెన్సర్ల వైర్లు తెగాయా, షార్ట్ అయ్యాయా అని మాత్రమే చూసుకుంటుంది. మిస్సింగ్ కొడుతున్నా (ఏదో సిలిండర్‌లో పెట్రోల్ మండకపోయినా), పంపుకి కరెంటు సరిగ్గా వెళ్ళకపోయినా దానికి తెలిసే దారి లేదు. డయాగ్నస్టిక్ కనెక్టర్ కలిపి లైటు మిణుకులు లెక్కపెట్టాను. ఏ కోడూ లేదు. దాని అర్థం సెన్సర్ల వైరింగ్ తెగలేదని, అంతే.

ఒక జబ్బా, రెండా

పెద్దాయన దృష్టిలో ఇది ఒకే జబ్బు. నాకు మొదటి నుంచీ రెండనిపించింది. వానకి వణికే బండి ఆగిపోదు, మూడు సిలిండర్ల మీదో రెండింటి మీదో కుంటుతూ నడుస్తుంది. రెండు కాయిల్స్ ఉన్న ఇంజన్‌లో ఒక ప్లగ్ వైరో ఒక కాయిలో పోతే మిగతా జత పనిచేస్తూనే ఉంటుంది. మొత్తం ఆగిపోయిందంటే నాలుగు సిలిండర్లకూ ఉమ్మడిగా వెళ్ళేదేదో తెగింది. అది క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరుగుడుని ఈసీయూకి చెప్పేది) కావచ్చు, మెయిన్ రిలే (కరెంటు కలిపే స్విచ్) కావచ్చు, ఈసీయూకి వచ్చే సప్లై కావచ్చు, పెట్రోల్ కావచ్చు. కాబట్టి రెండిటినీ విడదీసి, ముందు సులభంగా రప్పించగలిగిన జబ్బుని చూద్దామనుకున్నాను. వాన కోసం ఎదురుచూడక్కర్లేదు, స్ప్రే బాటిల్లో నీళ్ళుంటే చాలు.

సాయంత్రం షెడ్డులో లైట్లన్నీ ఆర్పి, ఇంజన్ ఐడిల్‌లో పెట్టి, ప్లగ్ వైర్ల మీద సన్నగా నీళ్ళు చల్లాం. రెండో సిలిండర్ దగ్గర చిటచిటమంటూ నీలం రంగు స్పార్క్, వైరు చివర ప్లగ్‌ని కప్పే రబ్బరు తొడుగు (బూటు) పక్క నుంచి బయటికొచ్చి ఇంజన్ హెడ్డుకి దూకుతోంది. ఇంజన్ వెంటనే వణకడం మొదలుపెట్టింది. ఆ వైరు ఊడదీసి చూస్తే బూటు ఉబ్బి మెత్తబడి ఉంది. ప్లగ్ గుంతలో నూనె, టాపెట్ కవర్ ప్యాకింగ్ పోయి లోపలికి దిగింది. ప్లగ్ కొత్తదే, కానీ తెల్లటి పింగాణీ మీద పైనుంచి కిందికి సన్నటి నల్లగీత పడింది. స్పార్క్ ఒకసారి ఆ దారి వేసుకుందంటే మళ్ళీ అటే పోతుంది, తుడిచినా పోదు.

మీటర్ పెడితే మిగతా మూడు వైర్లూ 5 నుంచి 9 కిలో ఓమ్‌ల మధ్య ఉన్నాయి. రెండోది 40 దాటింది. వైరు వంచితే మీటర్ అసలు ఏమీ చూపించడం లేదు. పాత బిల్లులో "మూడో సిలిండర్ మిస్సింగ్" అని కూడా రాసి ఉంది. అది ఎందుకో ఇప్పుడు అర్థమైంది. ఈ రకం కాయిల్‌లో కరెంటు ఒక ప్లగ్ గుండా దూకి, ఇంజన్ హెడ్డు మీదుగా వెళ్ళి, జతలోని రెండో ప్లగ్ గుండా కాయిల్‌కి తిరిగొస్తుంది. రెండో సిలిండర్ వైరు పాడైతే మూడో సిలిండర్ స్పార్క్ కూడా బలహీనపడుతుంది. మూడో ప్లగ్ ఎన్నిసార్లు మార్చినా లాభం ఉండదు.

టాపెట్ కవర్ ప్యాకింగ్, ప్లగ్ గుంతల సీల్స్, నాలుగు వైర్లు, నాలుగు ప్లగ్‌లు మార్చాం. ప్లగ్‌లు కొత్తవే కదా, ఎందుకని పెద్దాయన అడిగారు. గీత పడిన ప్లగ్ కొత్త బూటుని కూడా కాల్చేస్తుంది, పాత బూటు కొత్త ప్లగ్‌కి గీత వేస్తుంది. నూనె కారడం ఆపకుండా రెండూ మార్చినా కొన్నాళ్ళకి మళ్ళీ మొదటికే వస్తుంది. మూడూ ఒకేసారి చేయాలి. తర్వాత ఎంత నీళ్ళు చల్లినా ఇంజన్ వణకలేదు. ఆ వానల్లో కూడా వణకలేదు.

ఘాట్ సంగతి మాత్రం తేలలేదనీ, అది వేరే జబ్బనీ బండి ఇచ్చేటప్పుడే చెప్పాను. ఆయనకి నమ్మకం కుదరలేదు, ఇంజన్ అంత సాఫీగా ఉంది మరి. తర్వాత కిందికి వెళ్ళొస్తుంటే సుంకి దాటాక మళ్ళీ ఆగింది.

అమ్మగారి మాట

వేడెక్కాక ఆగి, చల్లారాక స్టార్టయ్యే బండి అనగానే ఎవరికైనా క్రాంక్ సెన్సర్ గుర్తొస్తుంది. వేడికి లోపలి చుట్టలో తీగ విడిపోతుంది, చల్లారితే కలుస్తుంది. అది మార్చేయమని పెద్దాయన కూడా తొందరపెట్టారు. కొనే ముందు ఒక ప్రశ్న అడిగాను: ఆగేటప్పుడు ఎలా ఆగింది? ఆర్‌పీఎం సూది ఏమైంది?

క్రాంక్ సిగ్నల్ పోతే స్పార్కూ ఇంజెక్షనూ రెండూ ఆ క్షణమే ఆగిపోతాయి. బండి గేరులో ఉండి చక్రాలు ఇంజన్‌ని తిప్పుతున్నా సూది టక్కున సున్నాకి పడుతుంది. పెట్రోల్ తగ్గితే అలా ఉండదు. సిగ్నల్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఇంజన్ నీరసపడే కొద్దీ సూది దానితోపాటే దిగుతుంది. పెద్దాయనకి గుర్తులేదు, రోడ్డు మీదే చూపు. పక్కన కూర్చున్న అమ్మగారు చెప్పారు:

"ఒక్కసారిగా ఆగలేదు బాబూ. ముందు రెండు మూడుసార్లు గుంజింది, ఎవరో వెనక్కి లాగినట్టు. ఈయన గేరు తగ్గించారు. కాసేపు ఎక్కింది, మళ్ళీ గుంజింది. అప్పుడు ఆగిపోయింది. ఆ సూది మెల్లగానే దిగింది."

నేను చూసిన మీటర్లన్నిటికంటే ఈ మాట ముందు దారి చూపించింది. కొట్టుకుంటూ, తేరుకుంటూ, మళ్ళీ కొట్టుకుంటూ ఆగేది ఎక్కువగా పెట్రోల్ అందని ఇంజనే. అయినా ఒక్క మాట మీద క్రాంక్ సెన్సర్‌ని వదిలేయకుండా, దాన్ని ఊడదీసి హెయిర్ డ్రయ్యర్‌తో బాగా వేడిచేసి ఓమ్‌లు చూశాం. వేడితో కొద్దిగా పెరిగింది, రాగి తీగ కాబట్టి పెరగాలి కూడా. తెగలేదు. కొత్త సెన్సర్ డబ్బు మిగిలింది.

షెడ్డులో దొరకనిది

పెట్రోల్ మీదే అనుమానం కాబట్టి పెట్రోల్‌తోనే మొదలుపెట్టాం. వంద మిల్లీలీటర్ల కొలజాడీలో 10 మిల్లీలీటర్ల నీళ్ళు, 90 మిల్లీలీటర్ల పెట్రోల్ పోసి కుదిపి వదిలాం. ఇథనాల్ పెట్రోల్‌ని వదిలి నీళ్ళలోకి దిగుతుంది. అడుగు పొర 28 దగ్గర ఆగింది, అంటే దాదాపు 20 శాతం, పంపుల్లో అమ్మేదే. ట్యాంకు అడుగు నుంచి తీసిన పెట్రోల్‌ని గాజు సీసాలో నిలబెట్టి చూస్తే విడిగా పేరుకున్న నీళ్ళు లేవు. ఇంధనం నీళ్ళు పట్టి పాడైందన్న మాట అక్కడితో ఆగింది.

రైల్‌కి గేజ్ పెట్టాం. ఐడిల్‌లో రెండున్నర బార్, రెగ్యులేటర్ వాక్యూమ్ పైపు తీస్తే మూడు. ఉండాల్సినట్టే ఉంది. ఇంజన్ని గంటకు పైగా నడిపినా ఆగలేదు. బానెట్ తెరిచి, చల్లటి గాలిలో, లోడు లేకుండా నడిపితే ఆగదు కూడా. ఘాట్ మీద ఉన్నవేవీ షెడ్డులో లేవు: కింద ఊరి ఎండ, రెండో గేరులో నెమ్మదిగా సాగే ఎక్కుడు, మూసిన బానెట్ కింద చేరే వేడి, ఏసీ, ఫ్యాన్, హెడ్‌లైట్లు. కొత్త పంపు ఉన్న బండికి ఇంకో పంపు వేసే ముందు, ఆ పరిస్థితుల్లో కొలవక తప్పదు.

రెండు కొలతలు డ్రైవర్ ముందుకి తెచ్చాం. ప్రెషర్ గేజ్‌ని టీ-జాయింటుతో రైల్‌కి కలిపి, పొడవాటి హోస్‌తో అద్దం బయట వైపర్ కింద బిగించాం. వెనక సీటు కింద పంపు కనెక్టర్ దగ్గర రెండు సన్నటి వైర్లు తగిలించి, మల్టీమీటర్‌ని డాష్‌బోర్డు మీద పెట్టాం. ఇలా చేయాలనుకునేవాళ్ళకి ఒక్క మాట: మూడు బార్ల పెట్రోల్ వేడి ఇంజన్ మీద చిమ్మితే బండే తగలబడుతుంది. ఇంజెక్షన్ ప్రెషర్‌కి తట్టుకునే హోస్ వాడండి, ప్రతి చివరా రెండేసి క్లిప్పులు బిగించండి, మంటలార్పే సిలిండర్ ఒళ్ళో పెట్టుకోండి. గేజ్‌ని కారు లోపలికి ఎప్పుడూ తేవద్దు.

మిట్టమధ్యాహ్నం సాలూరు నుంచి బయల్దేరాం. ట్యాంకులో పావు వంతు పెట్రోల్, ఏసీ ఆన్, లైట్లు ఆన్. నేను నడిపాను, షెడ్డులో నాతో పనిచేసే ఒడియా కుర్రాడు మీటర్లు చదివాడు. మొదటి మలుపుల్లో పంపు దగ్గర 12.6 వోల్టులు, ప్రెషర్ మూడు. ఎక్కే కొద్దీ వోల్టులు దిగడం మొదలైంది. పదకొండు, పదిన్నర. ప్రెషర్ ఇంకా కదల్లేదు. 9.6కి వచ్చేసరికి గేజ్ ముల్లు వణుకుతూ రెండు బార్ల కంటే కిందికి జారింది. అప్పుడు బండి గుంజింది. బ్యాటరీ దగ్గర మాత్రం 13.6 అలాగే ఉంది.

ముందు వోల్టు, తర్వాత ప్రెషర్, చివరికి కుదుపు. ఈ వరస తెలిశాక పంపుని అనుమానించడానికి ఏమీ మిగల్లేదు. పంపుకి అందాల్సిన కరెంటులో నాలుగు వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి.

ఆ నాలుగు వోల్టులు

విశాలంగా ఉన్న చోట పక్కకి ఆపి, టైర్ల వెనక రాళ్ళు పెట్టి, చల్లారక ముందే పని మొదలుపెట్టాం. చల్లారితే ఆధారం కూడా పోతుంది. ఇంజన్ ఆగితే ఈసీయూ పంపుని ఆపేస్తుంది కాబట్టి ఫ్యూజు ఉన్న జంపర్ వైరుతో రిలేని దాటించి పంపుని నడిపాం. వోల్టు పెరగలేదు, అంటే రిలేది తప్పు కాదు. పంపు ఎర్తింగ్ నుంచి బాడీకి చూస్తే 0.15 వోల్టు, అదీ బాగుంది. రిలే సాకెట్‌లో పూర్తి వోల్టు ఉంది. బానెట్ కింది ఫ్యూజు బాక్సు అడుగున కనెక్టర్ దాటాక చూస్తే సుమారు మూడు వోల్టులు తక్కువ. కనెక్టర్ మీద వేలు పెట్టలేకపోయాం, కాలుతోంది. విప్పితే ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి కరిగింది. ఆడ పిన్ను పట్టు వదిలేసి నల్లబడింది.

అరగంట మర్మం ఇదే. వేడికి పిన్ను ఇంకా వదులై, వదులైన కొద్దీ ఇంకా వేడెక్కి, పంపు నీరసపడుతుంది. బండి ఆగితే చల్లారి మళ్ళీ తాకుతుంది. ఎత్తుకి కూడా ఇందులో కొంత వాటా ఉంది. గాలి ఒత్తిడి తక్కువైన చోట వేడెక్కిన పెట్రోల్ త్వరగా ఆవిరవుతుంది, పైపుల్లో ప్రెషర్ పడిపోయాక అది ఇంకా సులువు.

కాంటాక్ట్ స్ప్రే కొడితే కొన్నాళ్ళు నడిచేది, కానీ పట్టు పోయిన పిన్నుకి శుభ్రం చేసినా పట్టు రాదు. ఆ వైరుని కరిగిన కనెక్టర్ నుంచి తప్పించి, సరైన సైజు కొత్త టెర్మినల్ క్రింప్ చేసి, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో విడి సాకెట్ వేసి, 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాం. దాన్ని ఎగ్జాస్ట్ వేడికి దూరంగా జరిపాం. బ్యాటరీ నుంచి పంపుకి నేరుగా ఒక స్విచ్ పెట్టి లాగేయమని ఒకరు సలహా ఇచ్చారు, ఈ పని చాలా చోట్ల చేస్తారు. నేను చేయను. ఇంజన్ ఆగిన కొద్ది సెకన్లలో ఈసీయూ పంపుని ఆపడం ప్రాణాలకి సంబంధించిన ఏర్పాటు. గుద్దుకుని పైపు తెగిన బండిలో పంపు తిరుగుతూనే ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

పిన్ను బాగుచేసినంత మాత్రాన పని అయిపోలేదు. ఇరవై ఏళ్ళు నిలబడిన పిన్ను ఇప్పుడెందుకు కాలింది? క్లాంప్ మీటర్ పెడితే పంపు 7 ఆంపియర్లకు పైగా లాగుతోంది. ఈ సైజు పంపు నాలుగు, అయిదు లాగితే చాలు. 7 ఆంపియర్లు, 3 వోల్టులు అంటే 21 వాట్లు, ఒక చిన్న పిన్ను మీద. పంపు అంత కష్టపడుతోందంటే ముందు ఏదో అడ్డం ఉంది. బండిని పైకెత్తి చూస్తే కింద పెట్రోల్ ఫిల్టర్ బోల్టుల మీద ఏళ్ళ నాటి మట్టి కదలకుండా ఉంది. పంపు వేసినప్పుడు ఫిల్టర్ కూడా మార్చారనే పెద్దాయన నమ్మకం. బిల్లు తీసి చూస్తే పంపు ఉంది, ఫిల్టర్ లేదు. పాత ఫిల్టర్‌ని తలకిందులు చేసి గాజు సీసాలోకి వంచితే గోధుమరంగు పెట్రోల్, అడుగున సన్నటి బురద. కొత్త ఫిల్టర్ వేశాక అదే పంపు 4.8 ఆంపియర్లకి దిగింది.

"కొత్త పెట్రోల్ వల్లే" అన్న మాటకి ఇక్కడ ఒక చిన్న ఆధారం దొరికిందనే చెప్పాలి. ట్యాంకులో, పైపుల్లో ఏళ్ళుగా అంటుకున్న మడ్డిని ఇథనాల్ కరిగించి లాక్కొస్తుంది. అది ఫిల్టర్ని మూసేసింది, ఫిల్టర్ పంపుని బరువెక్కించింది, పంపు పిన్నుని కాల్చింది అని నా అంచనా. కానీ పెట్రోల్‌ని తిట్టి వదిలేసి ఉంటే ఈ గొలుసులో ఒక్కటీ బాగయ్యేది కాదు. పాత కార్లకి పెట్రోల్ ఫిల్టర్ గడువుని ఇప్పుడు నేను సగానికి తగ్గించి చెప్తున్నాను.

అదే రోడ్డు, అదే ఎండ, అదే ఏసీతో మళ్ళీ ఎక్కించాం. పైదాకా పంపు దగ్గర 13 వోల్టులకి కొంచెం అటూ ఇటూ, ప్రెషర్ మూడు. తర్వాత ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాయి, ఎక్కడా ఆగలేదు. అమ్మగారు మళ్ళీ కారులోనే విజయనగరం వెళ్ళొస్తున్నారు.

చేయకుండా వదిలేసినవి కూడా రాయాలి. థ్రాటిల్ షాఫ్ట్ అరిగింది, చలి ఉదయాల్లో ఐడిల్ కాస్త పైకీ కిందికీ ఊగుతుంది. థ్రాటిల్ బాడీ దొరకడం కష్టం, ధర ఎక్కువ, ప్రమాదం లేదు. పెద్దాయనతో మాట్లాడి అది అలాగే ఉంచాం. ట్యాంకు దగ్గరి రబ్బరు హోస్‌లు మాత్రం వంచితే పగుళ్ళు కనిపించాయి. ఇథనాల్ తట్టుకునే రకం విశాఖ నుంచి బస్సులో తెప్పించి, అవి మార్చాకే బండిని షెడ్డు దాటనిచ్చాం.